కొరమీనుకి కాపలా

ఆపరేషను కుట్లు త్వరగా మానాలంటే మీ ఆయనకి కొరమీను పెట్టమంది నర్సు. మాంసం తెల్లగా మెత్తగా ఉంటుందట, ముళ్ళూ కొవ్వూ తక్కువట, మంచం మీదున్నవాడికి కూడా ఇట్టే అరిగి బలం ఇస్తుందట. మిషనమ్మ ఆ మాటని వేదవాక్కులా పట్టుకుంది. వీధంతా ఆవిడని మిషనమ్మ అనే పిలుస్తారు. యూనిఫారాలు కుట్టే షెడ్డులో ఆవిడ చెయ్యి పడితే కుట్టు వంకర పోదు. మనసు మాత్రం ఎప్పుడూ కాస్త వంకరే.

కొరమీనుది గట్టి ప్రాణం. బతికున్నవే తెచ్చి పెరట్లో సిమెంటు తొట్టిలో వేసుకుంటే ఏ రోజుకారోజు తాజాగా వండుకోవచ్చు. మిషనమ్మ అలాగే తెచ్చింది. నల్లటి ఒళ్ళు, పాము తల, పట్టుకుంటే చేతిలో నిలవని జారుడు.

రోగిని చూసుకోవడానికి వదిన వచ్చింది. వదినంటే మొగుడి అక్క. ఆవిడ ఇంట్లో ఉంటేనే మిషనమ్మ పనికి వెళ్ళగలదు. ఇంకొక్క సెలవు పెడితే నీ మిషను మరొకరికి ఇచ్చేస్తానని యజమాని తెగేసి చెప్పాడు. వదిన పోతే పని పోతుంది, పని పోతే పొయ్యిలో పిల్లి లేవదు. ఈ సంగతి మిషనమ్మకి అందరికన్నా బాగా తెలుసు. తెలిసి కూడా వదిననే అనుమానించింది చూడండి, అదీ ఆవిడ గొప్పతనం.

ఒక పొద్దున చూస్తే తొట్టిలో అన్నిటికన్నా పెద్ద చేప లేదు.

పిల్లి అయితే కాసిని పొలుసులైనా వదిలేది. బయటి దొంగ అయితే అన్నీ ఊడ్చుకుపోయేవాడు. మరి ఒక్కటే ఎవరికి కావాలి? వదిన కూతురు పక్క వీధిలోనే ఉంది, పచ్చి బాలింత. బాలింతకీ ఇదే చేప మంచిదని వదినే ఒకసారి నోరు జారింది. పైగా రోజూ పొద్దున్నే సంచి చంకన పెట్టుకుని అటే వెళ్ళొస్తుంది. ఆ సంచిలో ఏముందని అడగొచ్చు. అడిగితే అనుమానం తీరిపోతుంది కదా, అందుకే కాబోలు అడగలేదు.

సాయంత్రం వదినే కదిపింది.

"అమ్మాయ్, తొట్టి మీద చెక్క ఒక్కటీ అడ్డం పెడితే చాలదు. నీళ్ళు సగానికి తీసేసి, పైన పాత దోమతెర కట్టు. వాటికి గాలి ఆడాలి."

"అలాగే వదినా," అంది మిషనమ్మ. లోపల మాత్రం, 'ఆహా! దోమతెరయితే విప్పడం తేలిక, సగం నీళ్ళయితే పట్టుకోవడం తేలిక. నా చెవిలో పువ్వులు పెడుతోంది' అనుకుంది.

పడుకోబోయే ముందు తొట్టిని అంచుదాకా నింపింది. సందు లేకుండా చెక్కలు పరిచి, పైన ఇటుకలు పేర్చింది. ఎవరు చెయ్యి పెట్టినా నీళ్ళు పొర్లి నేల తడుస్తుంది, దొంగ బయటపడుతుంది. తన తెలివికి తానే మురిసిపోయి నిద్రపోయింది.

తెల్లారి నేల పొడిగా ఉంది. మిషనమ్మకి నిజానికి కాస్త నిరాశే కలిగింది. ఇటుకలు దించి చెక్క తీసింది. చేపలన్నీ వెల్లకిలా తేలుతున్నాయి.

"చంపేసింది! తనకి దక్కనివ్వడం లేదని ఏదో కలిపి చంపేసింది!" అని అరిచింది. నేల పొడిగా ఉందన్న సంగతి అప్పుడే మరిచిపోయింది.

వదిన సంచితో గుమ్మంలోనే ఉంది. "ఎవరమ్మాయ్ చంపింది?"

"మీరే. ఒకటి మీ కూతురికి మోసుకెళ్ళారు. మిగతావి నా మొగుడి నోటికి అందకుండా చేశారు."

 వదిన సంచి తలకిందులు చేసి దులిపింది. ఉతికి మడతపెట్టిన పసిబిడ్డ బట్టలు నేలమీద పడ్డాయి. ఒక్కొక్కటే ఏరి సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది.

గొడవకి మొగుడు గోడ పట్టుకుని బయటికొచ్చాడు. తొట్టిలోకి చూశాడు.

"నిండా పోసి మూసేశావా? కొరమీను పైకొచ్చి గాలి మింగకపోతే బతకదే. నీళ్ళలో ముంచి చంపావు."

"చేపని నీళ్ళలో ముంచి చంపడమేమిటి, విడ్డూరం కాకపోతే! అక్కని వెనకేసుకొస్తున్నారా? మరి ఆ పెద్దదేమైంది?"

"సందు దొరికితే ఎగిరి దూకుతుంది. నేల తడిగా ఉంటే పాక్కుంటూ పోతుంది. పెరటి కాలువలో చూడు."

చూసింది. కాలువ మలుపులో విరిగిన పూలకుండీ వెనక పెద్ద చేప ఎండిపోయి ఉంది, ఒళ్ళంతా చీమలు.  మిషనమ్మ సిగ్గుతో చచ్చిపోయింది.

షెడ్డు వేళ దగ్గర పడుతుంటే పరుగున వెళ్ళి వదిన కూతురి గుమ్మంలో నిలబడింది.

"తప్పయిపోయింది వదినా. మీరు రాకపోతే మేం వీధిన పడతాం. నా మొహం చూసి కాదు, మీ తమ్ముడి మొహం చూసి రండి."

వదిన ఒళ్ళోని పసిబిడ్డని జోకొట్టి నిద్రపుచ్చింది. తర్వాత బిడ్డని కూతురికిచ్చి, చెప్పులేసుకుని వెంట వచ్చింది. రాగానే తమ్ముడి దిండు సర్దింది, మందు తాగించింది, వంటగదిలోకి వెళ్ళింది. పని నిలబడిందిలే అనుకుని మిషనమ్మ హడావిడిగా గుమ్మం దాటబోయింది.

లోపలినుంచి వదిన పిలిచింది. గొంతులో కోపమేమీ లేదు.

"అమ్మాయ్, ఉప్పు డబ్బా తీస్తున్నాను. వచ్చి చూసుకుని వెళ్ళు."