కిరీటం లేని బిళ్ళ

కోడలు ఇంట్లోకి వస్తూనే చెప్పులు ఒకటి ఇటు, ఒకటి అటు విసిరేసింది. చేతిసంచి బల్ల మీద పడేసి, "నన్ను దొంగనన్నారు మామయ్యా," అంది.

ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. కాగితం మిల్లులో పనిచేసిన రోజుల నుంచీ ఆయన్ని అందరూ సూదాయన అనే పిలుస్తారు. తొందరపడి మాట్లాడే మనిషి కాదు. ఆ వేలు పని పూర్తిచేసి, కత్తెర పక్కన పెట్టి, అప్పుడడిగాడు.

"ఎవరన్నది?"

"పళ్ళ డాక్టరు."

ఆ పళ్ళ డాక్టరు స్టాంపుల సంఘానికి పెద్ద. ఏడాదికోసారి వాళ్ళు పాత తపాలా బిళ్ళల ప్రదర్శన పెడతారు. మందుల దుకాణంలో పనిచేసే కోడలు పన్నెండేళ్ళుగా ఒక్కో బిళ్ళా పోగుచేసుకుంటూ వచ్చింది. ఈసారే మొదటిసారి ఆమె అద్దాల చట్రం గోడకెక్కింది. ఎక్కిన పూటే దింపేశారు. ఖాళీ మేకు కింద పెద్ద పెద్ద అక్షరాలతో ఒక చీటీ అంటించారు: నకిలీ కాగితం వల్ల తొలగించడమైనది. దాని కింద ఆమె పేరు. మర్నాడు పొద్దున సమావేశంలో ఆమెను సంఘం నుంచి కూడా తీసేస్తారట.

"ఏ బిళ్ళ?" అన్నాడు సూదాయన.

"ఆ నీలం రంగుది. మీ మిల్లు కాగితం మీద అచ్చేసిందే. వెనకాల కిరీటం వాటర్‌మార్క్ ఉండాలట. నా దాంట్లో కిరీటం లేదు, ఏటవాలుగా ఒక గీత ఉంది. అది నేనే నూనెతో గీశానట! బిళ్ళ కూడా వాళ్ళ దగ్గరే ఉంచేసుకున్నారు."

కొడుకు అప్పుడే బస్సుల షెడ్డు నుంచి వచ్చి చేతుల జిడ్డు తుడుచుకుంటున్నాడు. "వేలెడంత కాగితం ముక్క. దానికోసం రచ్చెందుకు? వదిలెయ్," అన్నాడు.

"రేపు నీ బస్సు బ్రేకు నువ్వే కోసేశావని అంటే వదిలేస్తావా?" అంది కోడలు.

కొడుకు తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోయాడు.

సూదాయన మాత్రం కదల్లేదు. "ఆ గీత ఎటు వాలింది?" అని అడిగాడు. కోడలు వేలితో గాలిలో గీసి చూపించింది. ఆయన ఆ వేలి వంక చాలాసేపు చూశాడు.

కాగితం ఇంకా తడి గుజ్జుగా ఉండగానే దాని మీద ఒక రోలరు దొర్లుతుంది. ఆ రోలరుకు ఇత్తడి తీగతో చేసిన బొమ్మలు కుట్టి ఉంటాయి. తీగ నొక్కిన చోట కాగితం పలచబడుతుంది. వాటర్‌మార్క్ అంటే అంతే. ఆ తీగల్ని రోలరుకు కుట్టడం సూదాయన పని. కాగితం మధ్యలో వరసలు వరసలుగా కిరీటాలు, నాలుగంచుల వెంటా పెద్ద అక్షరాలు. ఆయనకు అక్షరాలు రావు. నమూనా ముందు పెట్టుకుని, అద్దంలో కనిపించినట్టు తిరగేసి, ఒక్క వంపు తేడా రాకుండా కుట్టేవాడు. నా కుట్టులో తప్పు పట్టినవాడు ఇంకా పుట్టలేదని పెళ్ళిచూపుల్లో కూడా చెప్పుకున్నాడు.

పుట్టలేదన్నది నిజమే. తప్పు మాత్రం జరిగింది. ఒకసారి, ఒకే ఒక్కసారి. ఆ సంగతి ఇన్నేళ్ళూ కడుపులోనే దాచుకున్నాడు.

"రేపు నేనూ వస్తా," అన్నాడు.

"ఎందుకు మామయ్యా? వాళ్ళు మిమ్మల్ని కూడా ఏమైనా అంటారు."

"అననీ."

సమావేశం గదిలో నలభైమంది దాకా ఉన్నారు. బల్ల మీద నల్లటి చిన్న పళ్ళెం, లైటర్లో పోసే పెట్రోలు సీసా, భూతద్దం. పళ్ళ డాక్టరు చేతిలో లావుపాటి పుస్తకం.

"ఈ పెద్దాయన ఎవరు?" అన్నాడు డాక్టరు.

"మా మామగారు. ఈ కాగితం చేసిన మిల్లులో ముప్ఫై ఏళ్ళు పనిచేశారు," అంది కోడలు.

"సంతోషం. కానీ ఇక్కడ పుస్తకం ప్రకారం నడుస్తుంది. ప్రతి బిళ్ళకీ కిరీటం ఉంటుందని ఇందులో స్పష్టంగా ఉంది. కావాలంటే చదువుకోండి."

"నాకు చదువు రాదు బాబూ."

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. డాక్టరు పెదవి చివర కూడా కొంచెం కదిలింది. కోడలు గిర్రున వెనక్కి తిరిగింది. సూదాయన ఆమె మోచెయ్యి పట్టుకుని ఆపాడు.

"నువ్వు పళ్ళు చూస్తావు. పన్ను లోపల ఏముందో పుస్తకం చూసి చెప్తావా, నోరు తెరిపించి చెప్తావా?"

ఈసారి నవ్విన వాళ్ళు ఎక్కువమంది.

"ఆ బిళ్ళ నేనింకా చూళ్ళేదు. మీ దగ్గరే ఉంది. చూడకుండానే చెప్తా, రాసుకోండి," అన్నాడు సూదాయన నిదానంగా. "ఆ గీత కిరీటంలోది కాదు. అంచున ఉండే పెద్ద అక్షరానికి కాలు అది. అచ్చు వేసేటప్పుడు కాగితం పక్కకి జరిగితే చివరి వరస బిళ్ళల మీదికి కిరీటం బదులు అంచు అక్షరం వస్తుంది. ఆ కాలు పొడుగునా మూడు చుక్కలుంటాయి. అవి కుట్టు ముడులు. పై రెండూ సూదిమొనంత. కిందది మాత్రం లావు, ఆవగింజంత. అక్కడ గీత కూడా కొంచెం ఉబ్బుతుంది. రాసుకున్నారా?"

సంఘం కార్యదర్శి నిజంగానే రాసుకున్నాడు.

డాక్టరు కవరు విప్పి, నీలం బిళ్ళను పట్టకారుతో తీసి, నల్ల పళ్ళెంలో బోర్లా పెట్టాడు. నాలుగు చుక్కలు పెట్రోలు పోశాడు. తడిసిన కాగితంలో పలచటి భాగం నల్లగా తేలింది. ఏటవాలు గీత. డాక్టరు భూతద్దం పెట్టి వంగాడు. వంగినవాడు లేవలేదు.

"చుక్కలున్నాయా?" అంది కోడలు.

కార్యదర్శి ఆగలేక తనూ వంగాడు. "ఒకటి... రెండు... మూడోది లావే!" అన్నాడు.

డాక్టరు నడుం నిటారుగా చేసుకుని గొంతు సవరించుకున్నాడు. "నూనెతో గీసేవాడు చుక్కలు కూడా పెట్టగలడు."

"పెట్టగలడు. నూనె అయితే పెట్రోల్లో కొట్టుకుపోతుంది. ఆరనిచ్చి మళ్ళీ పొయ్యండి. మూడుసార్లు పొయ్యండి."

మూడుసార్లు పోశారు. గది నిండా పెట్రోలు వాసన. మూడుసార్లూ గీత అలాగే తేలింది, చుక్కలతో సహా.

"సరే. కానీ ఆ లావు ముడి సంగతి చూడకుండా మీకెలా తెలిసింది? ఏ మిల్లులోనూ అలా కుట్టరు కదా," అన్నాడు డాక్టరు.

సూదాయన కోడలు ముఖం చూశాడు. తర్వాత నలభైమందినీ చూశాడు.

"ఎందుకంటే ఆ తప్పు నాది. సన్నతీగ అయిపోయింది. కొత్త చుట్ట వచ్చేదాకా ఆగాలి. ఆగలేదు. అందిన లావుతీగతో ముడేసేశా. కాగితం బయటికొచ్చాక మేస్త్రీ అందర్నీ వరసలో నిలబెట్టి ఇదెవరి పనిరా అన్నాడు. నోరు మెదపలేదు. అందరం తిట్లు తిన్నాం. మర్నాడు పొద్దున ఎవరూ రాకముందే విప్పి, మళ్ళీ కుట్టా. ఆ నీలం బిళ్ళలన్నీ ఆ ఒక్కరోజు కాగితం మీదే అచ్చేశారు, అటు వాలిన కాలు కూడా అంచుల్లో ఆ ఒక్కటే. మా ఆవిడక్కూడా చెప్పలేదు. ఇవాళ మీకు చెప్తున్నా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

డాక్టరు పుస్తకం మూసేశాడు. "మంచిది పెద్దాయనా. చీటీ తీసేయిస్తాను. అమ్మాయి చట్రం మళ్ళీ పెట్టిస్తాం, ఆ మెట్ల పక్కన ఖాళీ ఉంది. ఇంతటితో ముగిద్దాం."

"ముగియదండీ. ఊరంతా చదివేలా నా పేరు రాసి అంటించారు. ఇప్పుడు గప్‌చుప్‌గా పీకేస్తే సరిపోతుందా? పొరపాటు మాదని రాయండి. అదే గోడకి. అంతే పెద్ద అక్షరాల్లో," అంది కోడలు.

"సంఘం పరువు కూడా చూడాలి కదమ్మా. వచ్చే సమావేశంలో ఆలోచిద్దాం."

"ఏం ఆలోచిస్తారు?" అన్నాడు సూదాయన. గొంతు పెంచలేదు. "అరవై ఏళ్ళు దాచుకున్న తప్పు ఇంతమందిలో కక్కేశా. నా పళ్ళేమీ రాలలేదు. నిన్నటి తప్పు ఒప్పుకోవడానికి నీకేంటయ్యా నొప్పి?"

డాక్టరు కార్యదర్శి వంక చూశాడు. కార్యదర్శి కాగితం, లావు కలం తెచ్చి ఆయన ముందు పెట్టాడు. డాక్టరు చిన్న అక్షరాలతో మొదలుపెట్టాడు. కోడలు చేతులు కట్టుకుని పక్కనే నిలబడి, "ఇంకా పెద్దవి," అంది. ఆయన ఆ కాగితం నలిపి పారేసి, ఇంకోటి తీసుకున్నాడు.

ఆ కాగితం ఆమే తీసుకెళ్ళి గోడకు అంటించింది. మెట్ల వైపు కన్నెత్తి కూడా చూడకుండా తన చట్రాన్ని తన మేకుకే తగిలించింది.

ఆ బిళ్ళ చూడటానికి బల్ల దగ్గర అప్పటికే జనం వరస కట్టారు. ముందు నిలబడినావిడ పళ్ళెంలోకి తొంగిచూసి, "ఇందులో కిరీటం ఏదండీ?" అంది.

"లేదమ్మా," అన్నాడు సూదాయన భూతద్దం ఆమె చేతికిస్తూ. "కిరీటాలున్నవి బోలెడు. ఇందులో ఉన్నది నా తప్పు. కింద చుక్క దగ్గర చూడండి, బాగా కనబడుతుంది."