మా కారులో పిట్ట

దారిలో పోలీసుల స్పీడ్ గన్ ఉంటే ముందే కూసి చెప్పే బ్యాటరీ డబ్బా ఒకటి మావారు కారు అద్దం దగ్గర పెట్టుకున్నారు. ఇంట్లో దాని పేరు పిట్ట. మా దగ్గర దాన్ని కొనుక్కోవడం నేరం కాదు, బండి నడుపుతూ వాడడమే నేరం. అతివేగం కేసులు ఆయన మీద ఇదివరకే ఉన్నాయి. ఇంకొకటి పడితే లైసెన్సు పోతుంది, దాంతోపాటు ఊరూరా తిరిగే సేల్స్ ఉద్యోగమూ పోతుంది.

ఆవేళ కారులో పోతూ ఆ మాటే అన్నాను.

“నీ సలహా ఎవరడిగారు? నోరు మూసుకుని కూర్చో!” అని కసిరారు.

మూసుకున్నాను.

మలుపు తిరగగానే పోలీసు చెయ్యెత్తాడు. మావారు పిట్టను పీకి నా హ్యాండ్‌బ్యాగులో కుక్కారు. దాని స్విచ్ ఆపడం మరిచిపోయారు. చెబుదామంటే నోరు మూసుకోమన్నారాయె.

“బండిలో మా గన్‌ను పసిగట్టే డిటెక్టర్ ఏమైనా ఉందా?” అన్నాడు పోలీసు.

“ఛ, అలాంటివి మా ఇంటా వంటా లేవండీ!”

అంతలో ఇంకో పోలీసు వెనకొస్తున్న లారీ మీదికి గన్ ఎత్తాడు. నా బ్యాగు కూసింది.

“అది మా ఆవిడదండీ!” అన్నారు మావారు తడుముకోకుండా.

పోలీసు నా వైపు వంగాడు. “మీరు బండి నడుపుతారామ్మా?”

“లేదండీ. నేర్పమంటే, నీ మొహానికి డ్రైవింగొకటా అన్నారు.”

లైసెన్సు, కారు తాళాలు అక్కడే ఉండిపోయాయి. ఇంటిదాకా నడిచాం. దారి పొడుగునా మావారు పళ్ళు నూరుతూనే ఉన్నారు. నేను మాత్రం పలకలేదు. నోరు తెరవమని ఆయన ఇంకా చెప్పలేదు మరి.