డాబుకు ఉదాహరణ

డాబుకు ఉదాహరణ కావాలంటే సొంత అక్కను మించింది దొరకదని చెల్లెలికి రెండేళ్ల కిందట తోచింది. తోచినప్పుడు బాగానే ఉంది. ఇప్పుడు, ఆదివారం పొద్దున పదకొండింటికి, అక్క ఇంటి ముందు గదిలో అద్దె కుర్చీ మీద కూర్చుంటే మాత్రం ఆమెకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

ఆమె పని పర్యాయపదాల నిఘంటువు తయారుచేసే ఆఫీసులో. అక్కడ పెద్దాయన పెట్టిన నియమం ఒకటుంది. ఉదాహరణ వాక్యాన్ని కల్పించి రాయకూడదు, కళ్లారా చూసిందో చెవులారా విన్నదో అయ్యుండాలి. గొప్పలకు పోవడం గురించిన పేజీ ఆమె వంతుకొచ్చింది. డాబు, ఆర్భాటం, భేషజం, అన్నీ ఒక తాను ముక్కలే. తేడా తెలియాలంటే ఉదాహరణే దిక్కు. దానికోసం ఊరంతా తిరగాలా? అక్క నోరు తెరిస్తే చాలు, కాగితాలు నిండేవి. వంటింటి డబ్బాల మీద పేర్లు తప్ప ఇంకేమీ చదవని అక్క నిఘంటువు తెరుస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. పుస్తకం అచ్చయ్యాక, నీ పేజీ ఏదే అని అక్క అడిగితే నంబరు కూడా చెప్పింది. చదువుకున్నవాళ్ల తెలివి ఇలాగే ఉంటుంది.

అక్క పుస్తకం తెప్పించడమే కాదు, లోపల ఏముందో చూడకుండానే సభ పెట్టింది. గోడకు గోడంత బ్యానరు. దాని మీద చెల్లెలి ఫోటో, పక్కనే అంతకంటే కాస్త పెద్దగా తన ఫోటో. గొంతు సవరించుకున్నా అవతలి గోడకు వినపడే గదిలో మైకు. పన్నెండు మంది పట్టే చోట ముప్పై కుర్చీలు వేయిస్తే సగం మెట్ల మీదికి పాకాయి. వచ్చినవాళ్లంతా వీధివాళ్లే. అక్క వెనకాల ‘ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత’ అని ముసిముసిగా నవ్వుకునేవాళ్లు.

"మా చెల్లి రాసిన పేజీ ఇది," అంది అక్క మైకులో. "మాస్టారూ, మీ గొంతయితే ఖంగుమంటుంది. మీరు చదవండి."

చెల్లెలు గబుక్కున లేచింది. "నేను చదువుతానక్కా." అక్కడికక్కడ ఏవో నాలుగు ముక్కలు కల్పించి గట్టెక్కాలని ఆమె ఆశ.

"కూర్చోవే. ఎవరిది వాళ్లే చదువుకుంటే ఏం గౌరవం?"

రిటైరైన హెడ్మాస్టరు కళ్లజోడు సర్దుకున్నారు. "డాబు. ‘ఎవరొచ్చినా కరెంటు లేదని చెప్పి టీవీ పెట్టదు. అది పాడై ఏడేళ్లయినా, గోడ మీద ఉండాల్సిందే అనడం ఆమె డాబు.’"

ఒకరిద్దరు గోడ మీది టీవీ వైపు చూశారు. అక్క నవ్వుతూనే ఉంది. ఆమెకు ఇంకా అందలేదు.

"ఆర్భాటం. ‘చెల్లెలికి జలుబు చేస్తే, వీధంతా తెలిసేలా టాక్సీ పిలిపించి ఆసుపత్రికి తీసుకెళ్లింది. ఆ ఆర్భాటానికి జలుబే జడుసుకుంది.’"

అక్క నవ్వు ఆగింది. మాస్టారికీ అనుమానం వచ్చి గొంతు తగ్గించారు.

"చదవండి మాస్టారూ," అంది అక్క.

"భేషజం. ‘ముత్యాల దండ బాగుందని ఎవరో మెచ్చుకుంటే, పాతదేలెండి అంది. పక్కింట్లో ఆ పూటకు అడిగి తెచ్చుకున్న దండ మీద అంత భేషజం.’"

పక్కింటి టైలరమ్మ చెయ్యి తెలియకుండానే మెడ మీదికి పోయింది. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. భూమి చీలితే అందులో దూరిపోదామనుకుంది చెల్లెలు. చీలలేదు. అమ్మ పోయాక ఎత్తుకుని పెంచిన మనిషిని పదిమందిలో నిలువునా కడిగేసింది. ఇప్పుడు అక్క ముఖం తిప్పేసుకుంటే తనకు నా అనేవాళ్లు ఇంకెవరూ లేరు.

"ఇంకా ఉన్నాయా?" అక్క అడిగింది.

"లేవమ్మా. అంతే," అన్నారు మాస్టారు. ఉన్నా చదివేలా లేరు.

అక్క మైకు అందుకుంది. అది ఒకసారి కీచుమంది.

"ఎలా ఉన్నాయి?" అంది. "మూడూ నేనే చెప్పి రాయించాను. ఊళ్లోవాళ్లవి ఎందుకే, నావి వెయ్యి, పదికాలాలుంటాయి అన్నాను. చెప్పండి, ఈ వీధిలో ఇంకెవరన్నా అచ్చులోకి ఎక్కారా?"

ముందు మాస్టారు నవ్వారు. తర్వాత మెట్ల మీది దాకా చప్పట్లు మోగాయి.

చెల్లెలు వంటగది గుమ్మంలోకి వెళ్లి నిలబడింది. అక్క కప్పుల్లో టీ పోస్తోంది. ఒకటి రెండు సాసర్లలోకి ఒలికింది.

"అక్కా."

"టీవీ సంగతి నిజమే. టాక్సీ సంగతీ నిజమే," అంది అక్క వెనక్కి తిరక్కుండా. "దండ ఏ రోజు వేసుకున్నానో కూడా రాసి ఉండాల్సింది."

ఏ రోజో చెల్లెలికి తెలుసు. తను ఉద్యోగంలో చేరిన రోజు. ఈ పిల్లకు వెనకా ముందూ ఎవరూ లేరని ఆఫీసులో చులకన చేస్తారేమోనని, అక్క ఆ దండ వేసుకుని దింపడానికి వచ్చింది. తెలిసే ఆ ముక్క వదిలేసింది, వాక్యం పొడుగైపోతుందని. ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"జరుగు. చల్లారిపోతుంది," అంది అక్క.

చెల్లెలు ముందు గదిలోకి రాగానే టైలరమ్మ చెయ్యి పట్టుకుంది. "నాతో చెప్పమ్మా, ఫర్వాలేదు. నిజంగా మీ అక్కే రాయించిందా, పరువు పోతుందని అలా అంటోందా?" గుసగుసగా అడిగానని ఆవిడ అనుకుంది. చుట్టుపక్కల కుర్చీలన్నీ చెవులు రిక్కించాయి.

చూడనిదీ విననిదీ ఒక్క వాక్యం కూడా రాయకుండా పదకొండేళ్లు ఉద్యోగం చేసిన మనిషి చెల్లెలు. గొంతు పెంచింది.

"అక్కే రాయించింది. ఆఫీసుకొచ్చి మా పెద్దాయన ఎదురుగా కూర్చుని చెప్పింది. ఆయన లేచి నిలబడి మరీ రాసుకున్నారు. ఇంకో పది చెప్పమని బతిమాలితే, నాకు తీరిక లేదండీ అని వచ్చేసింది."

ట్రే పట్టుకుని గుమ్మంలో నిలబడిన అక్క ఇదంతా విన్నది. మాస్టారు పుస్తకం మూశాక మొదటిసారి చెల్లెలి ముఖంలోకి చూసింది.

"కారు పంపారని చెప్పడం మరిచిపోయావే," అంది. గొంతు మాత్రం ఇంకా సర్దుకోలేదు.