నీళ్లు చిలికిన పొద్దు

ఓపువో పట్నం నుంచి తమ్ముడు కపితిరె జీపులో ముగ్గురు విదేశీయులను తీసుకొచ్చేసరికి యాకురమ ఒంటికి ఎర్రమట్టి పూసుకుని సిద్ధంగా ఉంది. పశువులే ఆస్తిగా బతికే హింబా తెగ బతుకు ఎలా ఉంటుందో తెలుసుకోవాలని వాళ్ల ఆశ. వాళ్లు తెచ్చే మొక్కజొన్న పిండి ఆమెకు అవసరం.

"అక్కా, వెన్న ఎలా తీస్తారో చూడాలంటున్నారు," అన్నాడు కపితిరె.

"పాలేవిరా? నీకు తెలీదూ?"

తెలుసు. రెండేళ్ల కరువుకు తాళలేక ఆమె భర్త చిపోంబ మందను నది ఒడ్డుకు తోలుకుపోయాడు. అక్కడ ఒక్క పశువూ బతకలేదు. ఇంటికి రావడానికి ముఖం చెల్లక, పట్నం చేరి అక్కడే ఇటుకలు మోస్తూ ఉండిపోయాడు. చూపులేని మామగారికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

"నీళ్లు పోసి ఊపెయ్. వాళ్లకేం తెలుస్తుంది?"

ఆమె పాలు చిలికే సొరకాయ బుర్రలో నీళ్లు పోసి, కొయ్యకు వేలాడదీసి ఊపసాగింది. ఆ గుడగుడ చప్పుడుకు, పితరుల కోసం ఆరకుండా ఉంచే నిప్పు దగ్గర కూర్చున్న ముసలాయన చటుక్కున తల తిప్పాడు.

"కోడలా! మావాడొచ్చాడా? చెప్పవేమే, దొంగపిల్లా! ఇలా తే. నేను రుచి చూడందే పిల్లలకెలా పోస్తావ్?"

ఇంటిపెద్ద నాలుకకు తగలందే ఆ ఇంట ఎవరూ పాలు ముట్టరు. యాకురమ చేతులు ఆగిపోయాయి. విదేశీయుల్లో ఒకావిడ కెమెరా ఎత్తింది. వేరే దారి తోచక యాకురమ గిన్నెలోకి వంచి తీసుకెళ్లింది.

ఆయన ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. చాలాసేపు మింగలేదు.

"ఎన్ని మిగిలాయి?"

"ఒక్కటీ లేదు మావయ్యా."

"ఎర్రమచ్చలది చూలుతో ఉంది కదే..."

"అదీ పోయింది. కడుపులో దూడతోనే."

ముసలాయన నిప్పు వైపు తిరిగి, చచ్చిన పశువుల పేర్లు ఒక్కొక్కటే తాతముత్తాతలకు చెప్పుకోవడం మొదలుపెట్టాడు. ఆయన తడబడినచోట యాకురమ పక్కన కూర్చుని అందించింది.

"పాటా?" అని కెమెరా ఆవిడ మెల్లగా అడిగింది. కపితిరె తల వంచుకుని అవునన్నాడు.

పేర్లన్నీ అయిపోయాక ముసలాయన అతన్ని పిలిచాడు. "ఒరే, మావాణ్ణి ఇంటికి రమ్మను. తిట్టనని చెప్పు."

పదకొండో రోజున చిపోంబ నడుచుకుంటూ వచ్చాడు. తండ్రి అతని రెండు చేతులూ తడిమాడు. పశువులు తోలే కర్ర లేదు. అరచేతులు ఇటుకల మోతకు పగిలిపోయి ఉన్నాయి. ముసలాయన ఆ చేతులు అలాగే పట్టుకుని ఏడ్చాడు.