ఐదు సినిమాలు, నూట ఇరవై గొర్రెలు, ఒక ఓటు

సూర్యాపేటలో ముప్పై ఏళ్లు సినిమా హాలు గేటు దగ్గర టికెట్లు చింపాను. ఆ ముప్పై ఏళ్లలో ఒక్క సినిమా కూడా తెర వైపు తిరిగి చూడలేదు. గేటు దగ్గర నిలబడేవాడు చూడాల్సింది జనాన్ని. వాళ్ల వీపులు చూసి సినిమా ఎన్ని రోజులు ఆడుతుందో చెప్పేవాణ్ణి. మొదటి పాటకే పదిమంది బీడీకి లేస్తే వారం. ఇంటర్వెల్ గంట కొట్టినా ఎవరూ కదలకపోతే వంద రోజులు. ఒకసారి మూడు రోజులని చెప్పిన సినిమాను మొండిగా నాలుగో రోజు వేయబోతే, ప్రొజెక్టరే సిగ్గుపడి ఆగిపోయింది.

హాలు కాస్తా ఫంక్షన్ హాలు అయ్యాక నా సంగతి కోదాడ సత్యనారాయణ సారు చెవిన పడింది. ఆయన రిటైరైన లెక్చరర్. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ మూడూళ్లకు కలిపి ఏటా ఒక సినిమా అవార్డు ఇస్తారు. గెలిచిన సినిమా మూడూళ్ల హాళ్లలో వారం ఆడుతుంది. అందుకని చిన్న సినిమాల వాళ్లు హైదరాబాదు నుంచి విడుదలకు ముందే కాపీలు పంపుతారు. ఓటేసేవాళ్లు పందొమ్మిది మంది. అందరూ డాక్టర్లు, వకీళ్లు, టీచర్లు. ఇరవయ్యో ఓటు ఈ ఏడు నాకిచ్చారు. ముప్పై ఏళ్లలో ఎవరూ నన్ను సారు అనలేదు. ఓటు వచ్చిన మర్నాటి నుంచి చాయ్ బండివాడు కూడా "మల్సూర్ సారూ" అనడం మొదలుపెట్టాడు. ఇక ఆ ఓటు పోతే నేను సూర్యాపేట వదిలి పోవాల్సిందే.

కొరియర్‌లో పలకంత ట్యాబ్ వచ్చింది. దాంతోపాటు ఒక కాగితం. నాకు చదువు రాదు. నా భార్య సరోజన ఏడో తరగతి దాకా చదివింది కాబట్టి కళ్లజోడు పెట్టుకుని వినిపించింది. ట్యాబ్‌లో ఐదు సినిమాలు ఉన్నాయి. తెరిచిన సినిమా రెండు రోజుల తర్వాత దానంతట అదే మూసుకుపోతుంది. ప్రతి సినిమా మీదా మొదటి నుంచి చివరిదాకా "మల్సూర్, సూర్యాపేట" అని కనబడుతూనే ఉంటుంది. బొమ్మ బయటికి పొక్కితే ఎవరి కాపీయో తెలియడానికట. ఓటరు తప్ప మరో మనిషి చూడరాదు. ఆదివారంలోగా ఓటెయ్యాలి. తప్పు చేస్తే ఓటు రద్దు.

హీరో ముఖం మీద నా పేరుంటుందని తలుచుకుని సరోజన ముసిముసిగా నవ్వింది. నేను మాత్రం ఇరుక్కుపోయాను. ఒంటరిగా కూర్చుని చూస్తే సినిమా మంచిదో కాదో నాకెలా తెలుస్తుంది? ముందు వీపులు ఉండాలి కదా. రెండు రోజులు ఆలోచించాక వెలిగింది. కాగితంలో మనిషి చూడరాదని ఉంది. అంతే.

మా బామ్మర్ది పరశురాములుది పాలకీడు. నూట ఇరవై గొర్రెల మంద. అప్పుడు వరి కోసిన పొలాల్లో మేపుకుంటూ మిర్యాలగూడ దాకా వచ్చాడు. అక్కడ ఒక మూతబడ్డ రైసు మిల్లు గోదాం ఉంది. పట్టపగలు కూడా లోపల చీకటే, ఎదురుగా సున్నం కొట్టిన గోడ. పెళ్లిళ్లకు ఇచ్చే ప్రొజెక్టర్ కిరాయికి తెచ్చాను. మందను లోపలికి తోలాం. పరశురాములు మనిషి కాబట్టి, చెవుల్లో దూది పెట్టి, గొంగడి కప్పి, గోడ మూలకు తిప్పి కూర్చోబెట్టాను.

"బావా, నా గొర్లకు సినిమా సూపెడ్తున్నవ్, నాకు మాత్రం మూల సూపెడ్తున్నవా?" అన్నాడు.

"కాగితంల గట్లనే రాసి ఉన్నది. నేనేం జేయాలె?"

మరి ఆ గొర్రెలు! సూర్యాపేట హాల్లో కూడా అంత బుద్ధిగల జనాన్ని చూడలేదు. మొదటి సినిమా ఫైటింగ్. పది నిమిషాలకే ముప్పై గొర్రెలు తలుపు వైపు తిరిగాయి. వారం అని లెక్కేసుకున్నాను. రెండోది దయ్యం సినిమా. ఒక ముసలి పొట్టేలు ముందుకు నడిచి దయ్యాన్ని రెండుసార్లు కుమ్మింది. ఇప్పటికీ ఆ గోడకు సొట్ట ఉంది, కావాలంటే వెళ్లి చూడండి. మూడోది దామరచర్ల కరెంటు ప్లాంటు కూలీలకు వండిపెట్టే ఒక ఆడమనిషి కథ. మంద మొత్తం పడి నిద్రపోయింది. ఒక్క రోజు కూడా ఆడదనుకున్నాను. నాలుగోది నవ్వుల సినిమా. నెమరు వేస్తూ చూశాయి. రెండు వారాలు.

మర్నాడు మధ్యాహ్నం ఐదోది పెట్టాను. గొర్లకాపరి సినిమా. అరగంట దాకా ఒక్క చెవి కదల్లేదు. అప్పుడు ఉన్నట్టుండి నూట ఇరవైకి నూట ఇరవై ఒకేసారి లేచి నిలబడ్డాయి. ముప్పై ఏళ్లలో ఏ సినిమాకూ అట్లా జరగలేదు. ఇంత చెడ్డ సినిమానా అనుకునేలోపే మంద గోడ దాకా ఉరికి, అక్కడ ఎవరూ లేకపోయేసరికి అటు తిరిగి, రేకు తలుపు తోసుకుని రోడ్డున పడింది.

ఇటు కోదాడ బస్సు, అటు సూర్యాపేట బస్సు ఆగిపోయాయి. ధాన్యం లారీలు నాలుగు కిలోమీటర్లు నిలబడ్డాయి. ఒక గొర్రె, దాని వెనక పొట్టేలు బస్సెక్కాయి. కండక్టరమ్మ దించలేదు సరికదా, గొర్రెకు ఫ్రీ, పొట్టేలుకు మాత్రం టికెట్ తీసుకోవాలంది. బస్సు దిగిన జనం ఇవి ఎక్కడి నుంచి వచ్చాయా అని గోదాంలోకి తొంగిచూశారు. గోడ మీద సినిమా, దాని మీద నా పేరు. ఎవరో ఫోన్లో ఫోటో కొట్టారు. మేం మందను మళ్లేసేలోగా ఆ ఫోటో కోదాడలో సత్యనారాయణ సారు చేతిలో ఉంది.

శనివారం పొద్దున్నే కోదాడ వెళ్లాం. పరశురాములును సాక్షిగా తీసుకుపోయాను. సారు ఫోటో ముందు పెట్టారు. కోపంగా లేరు, దానికే నాకు భయం వేసింది.

"ఒక్కడివే చూడమన్నాం గదా మల్సూరూ. ఇప్పుడు నీ ఓటు ఏం చెయ్యమంటావు?"

"మనిషి సూడొద్దని రాసిన్రు సారూ. నూట ఇరవైల ఒక్కటి సుత మనిషి కాదు. బస్సోళ్లను నేను పిలువలే."

సారు కాగితం తీసుకుని మూడుసార్లు చదివారు. మూడోసారి ఆయన మీసం కొద్దిగా కదిలింది. ఇంతకీ దేనికి ఓటేస్తావని అడిగారు. ఐదోదానికి మాత్రం వెయ్యనని, అన్ని గొర్రెలూ లేచిపోయిన సినిమా అదొక్కటేనని చెప్పాను.

అప్పటిదాకా గోడకు ఆనుకుని ఉన్న పరశురాములు ముందుకొచ్చాడు. "లేసి పోలే సారూ, సినిమాల గొర్లకాపరి పిల్సిండు, పోయినయ్. అవి తొక్కినప్పుడు నా చెవుల దూది ఊడింది, ఆ పిలుపు మళ్లొకసారి ఇనబడ్డది. మా తాత పిల్సిన తీరే. నాలుక అంగిట్ల కొట్టి, ఆఖర్ల సన్నగ ఈల. గసొంటి పిలుపు ఇంటే నేను సుత పోత."

సారు నా వైపు తిరిగారు. "నువ్వూ గొర్లకాపరుల ఇంట్లో పుట్టినవాడివే. ఆ పిలుపు నీకు వినబడలేదా?"

వినబడలేదు. నేను గొర్రెల్ని లెక్కపెడుతున్నాను. సినిమా చెవిన పడకుండా ఉండటం గేటు దగ్గర నేర్చుకున్నదే. ఆ ముక్కే సారుతో చెప్పాను.

"అంటే ఐదింటిలో ఒక్కటీ నువ్వు చూడలేదన్నమాట. ఫోటో సంగతి నేను చూసుకుంటాను. చూడకుండా వేసే ఓటు మాత్రం తీసుకోలేను" అన్నారు. మూసుకుపోయిన సినిమాలు కూడా మళ్లీ తెరిపించి, రేపు సాయంత్రం లోపు ఆయన ఇంట్లోనే చూడమన్నారు. దేనికి ఎందుకు వేశానో నా నోటితో చెప్పాలి. చెప్పలేకపోతే ఓటు రద్దు.

ఆయన పుస్తకాల గదిలో కుర్చీ వేశారు. ముందు వీపుల్లేవు. మొదటి గంట నా మెడ దానంతట అదే వెనక్కి తిరుగుతూనే ఉంది. మూడో సినిమాకు తిరగడం మానేసింది. గొర్రెలు నిద్రపోయిన సినిమా అది. చప్పుళ్లు లేవు, కేకలు లేవు. ఎట్లా నిద్ర పడుతుందో అర్థమైంది. నాకు మాత్రం పట్టలేదు. ఐదోది కూడా చివరిదాకా చూశాను. పిలుపు వచ్చినప్పుడు ఒళ్లు జలదరించింది, అబద్ధం ఎందుకు. కానీ ఆ పిలుపు అయ్యాక అందరూ గంటన్నర సేపు అరుచుకున్నారు.

ఆదివారం సాయంత్రం సారు ముందు మూడోదాని మీద వేలు పెట్టాను. ఎందుకని అడిగారు.

"గంజు అడుగుల రెండు గరిటెల అన్నం ఉన్నది సారూ. ఇంక నలుగురు కూలోళ్లు వస్తున్నరు. ఆమె ఎవ్వలితోటి ఏమనలే. తన పళ్లెం తీసి బోర్లేసింది. ఇంక నేను ఎన్కకు తిరిగి సూడలే."

 సారు ట్యాబ్ నా ముందుకు జరిపి, మీట నొక్కమన్నారు. నొక్కాను. ఇరవయ్యో ఓటు పడింది.

గుమ్మం దగ్గర నిలబడి అంతా విన్న పరశురాములు బస్టాండు దాకా పళ్లు కొరుకుతూనే నడిచాడు. చివరికి ఆగలేక అడిగేశాడు.

"నా మందంత ఉరికి పోయి మెచ్చిన సినిమాకు ఎందుకు ఎయ్యలే బావా?"

"మందకు ఓటియ్యలే బామ్మర్ది. నాకిచ్చిండ్రు" అని చెప్పి, సూర్యాపేట బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను.