లడ్డుకి రోజూ తానం

లడ్డు ఇంట్లో అడుగుపెట్టిన రోజే యాదలక్ష్మి షరతు పెట్టింది. "తానం చెయ్యకుంటే కుక్కను హాల్లకు రానియ్య. దేవునర్ర ఉన్న ఇల్లు ఇది." రోజూ నేనే చేయిస్తానని కొడుకు మహేష్ బుద్ధిగా తలూపాడు. బెంగళూరుకి బదిలీ అయిన స్నేహితుడు అతనికి అప్పగించి వెళ్ళిన కుక్క అది. తెల్లగా, పొట్టిగా, కళ్ళ మీదికి జుట్టు పడుతూ ఉంటుంది. మహేష్ మాట ఎంతకాలం నిలబడిందో వేరే చెప్పక్కర్లేదు. వారం తిరిగేసరికి బకెట్టూ మగ్గూ సబ్బూ యాదలక్ష్మి చేతికే వచ్చాయి.

ఆమెకి ఒక పద్ధతి ఉంది. పొద్దున లేవగానే ముందు లడ్డుకి స్నానం, తర్వాత తనకి, ఆ తర్వాత దీపం. తన స్నానం అయ్యాక కుక్క తగిలిందంటే మళ్ళీ తలమీద నీళ్ళు పోసుకోవాల్సిందే. అందుకని తక్కిన రోజంతా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని "దూరం, దూరం" అంటూ తిరిగేది. మంగళవారం, శనివారం కర్మన్‌ఘాట్ హనుమంతుడి గుడికి వెళ్ళేముందైతే దాన్ని బాల్కనీలో పెట్టి తలుపేసేది.

బాత్రూంలో మాత్రం ఆమె వేరే మనిషి. నీళ్ళ వేడి మోచేత్తో చూసుకుని, చెవుల వెనకా గడ్డం కిందా మెల్లగా రుద్దుతూ, ఎల్బీ నగర్ ట్రాఫిక్ దగ్గర్నుంచి చుట్టాల తగాదాల దాకా అన్నీ దానికే చెప్పేది. లడ్డు కళ్ళు మూసుకుని వింటూ నిలబడేది. దీన్ని ప్రేమంటారని ఎవరైనా అంటే యాదలక్ష్మి కొట్టినంత పని చేసేది.

రెండు నెలలకి లడ్డు గోక్కోవడం మొదలుపెట్టింది. పొట్ట కింద ఎర్రగా కందింది. వీపు మీద జుట్టు ఉండలు కట్టింది. దగ్గరికెళ్తే ఆరని బట్టల వాసన. శుభ్రం చాలట్లేదనుకుంది యాదలక్ష్మి. సాయంత్రం కూడా దానికి స్నానం పెట్టి, వెనకే తనూ చేసేది. సబ్బు ఇంకాస్త పెంచింది. దురద కూడా పెరిగింది.

కోడలు సింధు చూడలేకపోయింది. పొద్దున మెట్రో ఎక్కితే దీపాలు పెట్టే వేళకి ఇల్లు చేరే ఉద్యోగం ఆమెది. "అత్తమ్మా, హయత్‌నగర్‌ల మా తమ్ముని ఇంటికి పెద్ద వాకిలున్నది, ఎప్పుడూ మనుషులుంటరు. అక్కడైతే సుఖంగ ఉంటది. ఈడ పరేషాన్ అయితున్నది పాపం," అంది.

"తోలెయ్యిరి. పీడ పోతది," అనేసింది యాదలక్ష్మి. అనేసింది గానీ మర్నాడు దానికి స్నానం చేయిస్తూ నీళ్ళ వేడి రెండుసార్లు చూసుకుంది.

ముందు ఒకసారి చూపిద్దామని మహేష్ తల్లినీ కుక్కనీ చైతన్యపురిలో జంతువుల దవాఖానకి తీసుకెళ్ళాడు. డాక్టర్ బిందుమాధవి గుంటూరు వైపు మనిషి. జుట్టు పాయలుగా విడదీసి చూసి, "స్నానం ఎన్నాళ్ళకోసారి చేయిస్తున్నారండీ?" అని అడిగింది.

"రోజుకు రెండుసార్లు," అంది యాదలక్ష్మి, మెచ్చుకుంటుందేమోనని.

డాక్టరమ్మ నవ్వలేదు, కసరలేదు. "అదేనండీ వచ్చిన చిక్కు. రోజూ సబ్బు పెడితే దీని చర్మం ఎండిపోద్ది. పైగా ఈ జుట్టు లోపల సరిగా ఆరదు, ఆ తడికే వాసన. ఈ నెల మందు షాంపూతో వారానికోసారి చేయించండి. తగ్గాక నెలకోసారైతే చాలు. దువ్వడం మాత్రం రోజూ దువ్వాల్సిందే. జుట్టులో వేళ్ళు పోనివ్వండి, ఎక్కడన్నా ఆగాయంటే మీరు ఆలస్యం చేసినట్టు. రెండు నెలలకోసారి కత్తిరించండి," అంది. ఉండలు కట్టిన జుట్టు అక్కడే తీయించి పంపింది.

దారి పొడుగునా యాదలక్ష్మికి రెండు దిగుళ్ళు. తన చేత్తో తానే దాన్ని బాధపెట్టానన్న దిగులు ఒకటి. రేపు పొద్దున్నించి తనకి ఆ పని లేదన్న దిగులు ఇంకొకటి. రెండోదే ఎక్కువగా ఉండటం ఆమెకే వింతగా తోచింది.

దువ్వే పని మహేష్ తీసుకున్నాడు. ఫోన్ చెవికి పెట్టుకుని ఎడాపెడా లాగే ఆ దువ్వుడికి లడ్డు మంచం కింద దూరేది. చర్మం నయమవుతోంది గానీ తిండి తగ్గిపోయింది. పొద్దున్నే పోయి పొడి బాత్రూంలో నిలబడేది. "నీళ్ళకు అలవాటు పడ్డది," అని యాదలక్ష్మి అదిలించి పంపేది. దానికి ఈ ఇల్లు పడట్లేదని సింధు తమ్ముడికి ఫోన్ చేసింది. వద్దనాలనే ఉంది యాదలక్ష్మికి. పీడ పోతుందన్న మనిషి ఏ మొహంతో వద్దంటుంది?

శనివారం పొద్దున సింధు తమ్ముడు అభిరామ్ కారేసుకుని వచ్చాడు. అప్పటికి యాదలక్ష్మి తలస్నానం చేసి, పూలూ కొబ్బరికాయా సంచిలో పెట్టుకుని గుడికి తయారుగా ఉంది. మెడకి పట్టీ కట్టబోతే లడ్డు తప్పించుకుని బాత్రూంలోకి ఉరికింది. మహేష్ పిలిచాడు, సింధు బిస్కెట్ చూపించింది. కదల్లేదు.

యాదలక్ష్మి వచ్చి తలుపు దగ్గర నిలబడింది. లడ్డు ఆమె వైపు నాలుగడుగులు వేసి, ఆమె చీర అంచుకి జానెడు దూరంలో ఆగిపోయింది. తగలకూడదని దానికి తెలుసు. తనే నేర్పింది. అది చూశాక యాదలక్ష్మికి అర్థమైంది. అది రోజూ వచ్చింది నీళ్ళ కోసం కాదు, తన చేతి కోసం. ఇరవై నాలుగ్గంటల్లో తను దాన్ని ముట్టుకున్నది ఆ బాత్రూంలోనే మరి.

సంచి పక్కన పెట్టి గడప మీద కూలబడింది. "దా బిడ్డ," అని చేతులు చాచింది. లడ్డు ఇంకా అనుమానంగా చూస్తుంటే తనే ఒళ్ళోకి లాక్కుంది. "మహేషూ, గా దువ్వెన ఇటు తే."

అందరూ చూస్తుండగా దువ్వడం మొదలుపెట్టింది. ముందు వేళ్ళతో విడదీసి, తర్వాత దువ్వెన పెట్టి, నిదానంగా.

"అత్తమ్మా, తమ్ముడు పోవాలె," అంది సింధు మెల్లగా.

"ఛాయ్ తాగి పొమ్మను. కుక్క యాడికి పోదు. నాకు ఇడవబుద్ధైతలేదు సింధూ. గా మాట ముందే చెప్పకపోతి."

దువ్వడం పూర్తయి లేచేసరికి చీర నిండా తెల్ల వెంట్రుకలు. తల్లి మళ్ళీ స్నానం చేస్తుందని మహేష్ గీజర్ వెయ్యబోయాడు.

"వద్దు," అంది యాదలక్ష్మి. చేతులు కడుక్కుని, చీర దులుపుకుని, పూల సంచి అందుకుని గుడికి బయల్దేరింది.