అడగని ఇల్లు

గురువారం వచ్చిందంటే క్లినిక్ వాలంటీరు దినెయో భుజాన సంచీ తగిలించుకుని కొండవాలు మీదున్న అయిదిళ్లకూ వెళ్లేది. మందులు మాత్రం ఒక్కడికే, నాలుగో ఇంటి లెఫాకి. జోహానెస్‌బర్గ్ గనుల నుంచి హెచ్‌ఐవీతో తిరిగొచ్చాడు. ఊళ్లో తెలిస్తే ఆ రోజే మాత్రలు మానేస్తానన్నాడు, క్లినిక్ గడప తొక్కనన్నాడు. నేరుగా అతనింటికే వెళ్తే ఎవరికైనా అర్థమైపోతుంది. అందుకే అయిదు గడపలూ ఎక్కడం. వాలంటీరుకు జీతం లేదు గానీ ఇలాంటి తెలివితేటలకు కొదవ లేదు.

ఎక్కువసేపు కూర్చునేది మూడో ఇంట్లో. ఆ ఇంటి మాంపొయి నోట్లో నువ్వుగింజ నానదు. ఆమెకు అనుమానం రాకపోతే ఊరికి రానట్టే. ఆమె అల్లం బీరు పోసిచ్చేది, దినెయో మేకల సంగతి అడిగేది. మాంపొయి చిక్కిపోతోందని దినెయో గమనించింది కూడా. మొగుడు పోయిన దిగులనుకుంది.

ఆ గురువారం మాంపొయి దుప్పటి కప్పుకుని గోడకు ఆనుకుని ఉంది.

"ఏంటక్కా, అల్లం బీరు లేదా? అలిగావా?"

"నాలుగేళ్లయిందే దినెయో! వారం వారం పోశాను. మేకలెలా ఉన్నాయన్నావు. నువ్వెలా ఉన్నావని ఒక్కనాడైనా అడిగావా? ఆ సంచీ ఇక్కడ విప్పుతావేమోనని చూస్తూనే ఉన్నాను."

దినెయోకు తల కొట్టేసినట్టయింది. "నువ్వే చెప్పొచ్చుగా అక్కా?"

"ఊరందరి సంగతీ చెప్పే నోరే. నాకూ ఆ సంచీలో మందులే కావాలని చెప్పడానికి రాలేదు."

క్లినిక్ రెండు గంటల నడక. మాంపొయి నిలబడే స్థితిలో లేదు. ఒంటిచక్రపు తోపుడు బండి ఉన్నది లెఫాకే. దినెయో వెళ్లి అడిగింది.

"బండి ఇస్తే చాలు, నేనే తోసుకుంటాను."

లెఫా క్లినిక్ దారి వైపు చూశాడు. "ఆ ఎత్తులో నీ వల్ల కాదక్కా," అని తనే బండి తీసుకొచ్చాడు. అయిదిళ్లవాళ్లూ బయటికొచ్చి చూశారు.

క్లినిక్ గేటు దగ్గర మాంపొయి చెయ్యెత్తింది.

"ఇక్కడ ఆగిపోరా లెఫా. లోపలికొస్తే నీ మాత్రల సంగతి బయటపడుతుంది."

లెఫా చేతుల్లో బండి ఆగిపోయింది. "నీకెవరు చెప్పారు?"

"పక్కింటిదాన్ని. నాలుగేళ్లుగా తెలుసు. ఎవరితోనైనా అన్నానా?"

అనలేదు. దినెయో తలెత్తలేకపోయింది. లెఫా పిడులు మళ్లీ బిగించి పట్టుకుని బండిని గేటు లోపలికి తోశాడు.